కశింకోట చక్రవర్తి కొసరు

నానాజీకి కుదురు లేదన్న సంగతి అనకాపల్లి మెయిన్ రోడ్డులో అతని దగ్గర జిరాక్సు తీయించుకున్న ప్రతివాళ్లకీ తెలుసు. ఆధార్ కార్డు యంత్రంలో పెడతాడు, కాపీ బయటికొచ్చేలోపు ఓసారి వీధిలోకి తొంగిచూస్తాడు, ఓసారి ఫ్యాను రెగ్యులేటరు తిప్పుతాడు. కూర్చున్నాడంటే కాలు ఆడుతూనే ఉంటుంది. అయితే ఈమధ్య పడుతున్న అవస్థ మాత్రం వేరు. కౌంటరు మీద లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని, కాగితానికోసారి దానివంక చూసి, మొహం వేలాడేసుకుంటున్నాడు. మొన్న పాస్‌బుక్కు కాపీ కోసం వచ్చిన పెద్దాయన చేతిలో ఎవరిదో పెళ్లి శుభలేఖ పెట్టి పంపేశాడు. ఆయన మళ్లీ వచ్చి తిట్టినా సరిగ్గా వినలేదు.

ఆ లాప్‌టాప్‌లో ఉన్నది ఒక ఆట. ఆకాశం నిండా నక్షత్రాలు, వాటికోసం కొట్టుకుచచ్చే సామ్రాజ్యాలు, అయిదుగురు చక్రవర్తులు. ముగ్గురిని కంప్యూటరే ఆడిస్తుంది. నాలుగోవాడు నానాజీ. అయిదోవాడు కశింకోటలో కిరాణా కొట్టు నడుపుకునే కన్నబాబు. కొట్లో బనీనుతో కూర్చునే ఆ మనిషి పేరు ఆటలో కశింకోట చక్రవర్తి. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు గానీ, హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్ననాటి నుంచీ బావ అంటే బావ. బేరాలు లేని మధ్యాహ్నాలు ఎవరి వీలునుబట్టి వాళ్లు ఓ ఎత్తు వేసి ఊరుకునేవారు. ఒకే ఆట ఏడాది పైగా అలా సాగుతూ వచ్చింది.

కంప్యూటర్ చక్రవర్తుల గుణాలు నానాజీకి సొంత మేనమామల గుణాలంత బాగా తెలుసు. ఎర్రజెండావాడు ఓడలు కట్టి కట్టి దాచి, అన్నీ ఒకేసారి మీదికి తోలతాడు. వాడు ఖనిజం కొనడం ఆపేశాడంటే ఇక మనం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఆకుపచ్చవాడు తియ్యటి కబుర్లతో రాయబారాలు పంపుతాడు, సరిహద్దులో మన ఓడలు పలచబడిన మర్నాడే కత్తి దూస్తాడు. పసుపువాడు ఒట్టి పిరికి. కాకపోతే ఎవడైనా ఎవణ్ణయినా కొడుతుంటే మాత్రం వెనకనుంచి వచ్చి తన వంతు దెబ్బ తనూ వేసిపోతాడు. ముగ్గురికీ లేనిది మొహమాటం. లెక్క కుదిరితే వస్తారు, కుదరకపోతే కూర్చుంటారు. నిన్నటి స్నేహం వాళ్లకి అడ్డురాదు.

కన్నబాబు వ్యూహమంతా మొహమాటమే. యుద్ధనౌకలు కట్టడు, అందరితోనూ వ్యాపారం చేస్తాడు. కొట్లో కిలో పప్పు తూచాక పొట్లం కట్టేముందు మరో నాలుగు గింజలు వేసే చెయ్యి అతనిది. ఆ కొసరు పడకపోతే తూకం పూర్తయినట్టే ఉండదు. ఆటలోనూ అదే వరస. నానాజీ వంద టన్నుల ఖనిజం అడిగితే నూటొకటి వచ్చేది. అంతరిక్షంలో కొసరేమిటని నానాజీ ఎగతాళి చేస్తే, అంతరిక్షమైతే మాత్రం ఒట్టి తూకం పంపడానికి చెయ్యెలా వస్తుందని కన్నబాబు అడిగేవాడు.

ఇలాంటి ఇద్దరి మధ్యా కాలవ తవ్వినట్టు దూరం వచ్చింది. కన్నబాబు తల్లి దేముడమ్మకి ఊపిరాడక అనకాపల్లి ఆస్పత్రిలో చేర్చారు. ఆ సాయంత్రమే కన్నబాబు ఫోను చేసి సంగతి చెప్పాడు. రేపొస్తానన్నాడు నానాజీ. నిజంగానే వెళ్దామనుకున్నాడు. ఆస్పత్రి కూతవేటు దూరం కూడా లేదు. కానీ ఆటలో అప్పుడే ఎర్రజెండావాడు ఖనిజం కొనడం ఆపేశాడు. రేపు ఎల్లుండయింది, ఎల్లుండి ఆదివారమయింది, ఆదివారమూ దాటిపోయింది.

ఆటలో మనిషి కొన్నాళ్లు కనిపించకపోతే అతని సింహాసనం మీద కంప్యూటరే కూర్చుంటుంది. పేరు అదే, జెండా అదే, ఎత్తులు మాత్రం మిషనువి. చుట్టుపక్కలవాళ్లు స్నేహంగా ఉన్నంతకాలం అది వెళ్లినవాడి అలవాట్లతోనే ఆడుతుందని ఆట తయారుచేసినవాళ్లు చెప్పుకున్నారు గానీ, నానాజీ దాన్ని ప్రకటనల్లో రాసే మాటల కింద కొట్టిపారేశాడు. ఇద్దరి రాజ్యాల నడుమ ఖనిజం దండిగా ఉన్న నక్షత్రం ఒకటుంది. కన్నబాబు దానికి తల్లి పుట్టిన ఊరి పేరు పెట్టుకున్నాడు, కె. కోటపాడు అని. కాపలా రెండే ఓడలు. ఆకుపచ్చవాడి చూపు దానిమీద పడింది. వాడి పాలయ్యేకంటే నా దగ్గరుంటే నయం కదా అనుకున్నాడు నానాజీ. అనుకున్నాడంటే, అనుకోవడం అంత తేలిగ్గా ఉంది మరి. టీ చల్లారేలోపు కోటపాడు అతని వశమైపోయింది.

దేముడమ్మ కోలుకుని ఇంటికి చేరాక కన్నబాబు ఫోన్లో ఆట తెరిచి చూసుకున్నాడు. మర్నాడు సరుకుల కోసం అనకాపల్లి వచ్చినవాడు జిరాక్సు కొట్టు ముందు బండి ఆపి, దిగకుండానే అడిగాడు.

"కోటపాడు తీసేసుకున్నావేటి?"

"నీ నించి కాదు బావా. నువ్వు లేవు కదా, ఆ టైములో ఆడింది మిషను."

కన్నబాబు బండి స్టార్టు చేశాడు. "పేరు నాదే కదా, నానాజీ గారూ," అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆ గారు నానాజీ గుండెలో ముల్లులా దిగింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోను చేసినా కన్నబాబు ఎత్తలేదు. చిత్రమేమిటంటే ఆటలో కశింకోట చక్రవర్తి మాత్రం కదులుతూనే ఉన్నాడు. రోజూ ఓడలు జరుపుతున్నాడు, గనులు తవ్విస్తున్నాడు. ఆ కదిలేది కన్నబాబా, మిషనా? నానాజీకి తిండి సయించనివ్వని ప్రశ్న అదే. కన్నబాబైతే ఎంత కోపంగానైనా ఎదురుగా ఉన్నట్టే. మిషనైతే బావ లేచి వెళ్లిపోయినట్టు.

పరీక్షలు మొదలుపెట్టాడు. వంద టన్నులు అడిగి చూశాడు. సరిగ్గా వందే వచ్చింది. సరిహద్దులో ఓడలు తీసేసి చూశాడు. కశింకోట ఓడలు మరుక్షణం ముందుకు జరిగాయి. మిషను లక్షణమే అనుకున్నాడు. మళ్లీ, ఒళ్లు మండిన మనిషి మాత్రం ఇంతకంటే భిన్నంగా ఏం చేస్తాడని అనుమానమొచ్చింది. పొద్దున్న మిషనని తేల్చుకునేవాడు, సాయంత్రానికి కాదు మనిషేననుకునేవాడు. అన్నం ముందు కూర్చుని కూడా ఫోను తీసి చూస్తుంటే, అతని భార్య పావనికి విసుగొచ్చింది.

"షేరాటో ఎక్కితే కశింకోట ఎంతసేపేటి? ఎల్లి ఆ మనిషినే అడగొచ్చు కదా."

ఏమని అడగాలో నానాజీకి తెలియదు. వెళ్తే ముందు ఆస్పత్రి మాట వస్తుంది. దానికన్నా నక్షత్రాలతో తంటాలు పడడమే సుఖంగా ఉంది. చివరికి కోటపాడుని తిరిగి ఇచ్చేశాడు. కశింకోట చక్రవర్తి ఉలుకూ పలుకూ లేకుండా పుచ్చుకున్నాడు. ఇక పోట్లాట లేదని చూపడానికి కశింకోట సరిహద్దు మీద ఒక్క ఓడ కూడా ఉంచకుండా ఖాళీ చేశాడు నానాజీ. ఆ సందు చూసుకుని ఆకుపచ్చవాడు దండెత్తి మంచి మంచి నక్షత్రాలు ఊడ్చుకుపోయాడు. పసుపువాడూ ఓ చెయ్యి వేశాడు. ఏడాది కష్టం కళ్లముందే కరిగిపోతున్నా నానాజీ సరిహద్దువైపు ఓడ తిప్పలేదు. జన్మలో అంత ఓర్పు పట్టినవాడు కాదు. కాలు మాత్రం బల్ల కింద ఆడుతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం, ఎవరో కాలేజీ అమ్మాయి సర్టిఫికెట్లు జిరాక్సు తీస్తూ, అలవాటుగా వంద టన్నులు అడిగి వదిలేశాడు. ఆఖరి కాగితం పెట్టబోతూ తెరవంక చూశాడు. నూటొకటి.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. నూటొకటే. ఆ అమ్మాయి చేతిలో కాగితాలు పెట్టి, డబ్బులు అడగడం కూడా మరిచిపోయి, షట్టరు లాగేసి వీధిలోకి పరిగెత్తాడు. ఆటో నిండేదాకా బయల్దేరనని డ్రైవరు అంటే, ఖాళీ సీట్లకి కూడా తనే ఇస్తానన్నాడు. శారదానది వంతెన మీద లారీలు ఆగిపోయి ఉంటే దిగి నడుద్దామా అని చూశాడు. బావతో ఏమనాలో మనసులో పదిరకాలుగా అనుకున్నాడు, అన్నీ నవ్వుతో మొదలయ్యేవే.

కొట్లో కన్నబాబు ఎవరో ఆవిడకి పెసరపప్పు తూస్తున్నాడు. ఆవిడ వెళ్లేదాకా తలెత్తలేదు. తర్వాత, ముక్కూ మొహం తెలియని బేరగాణ్ణి అడిగినట్టు, "ఏటి కావాలి?" అన్నాడు.

"కొసరు అందింది బావా," అన్నాడు నానాజీ మొహమంతా నవ్వుతో.

కన్నబాబుకి అర్థం కాలేదు. నానాజీ గబగబా నూటొకటి సంగతీ, కోటపాడు తిరిగి ఇచ్చిన సంగతీ చెప్పుకుపోతుంటే మధ్యలో ఆపాడు.

"ఆ ఆటా? నీ కొట్టుకాడికొచ్చిన రోజే ఫోన్లోంచి తీసీసేను."

నానాజీ నవ్వు అలాగే ఉండిపోయింది, దాన్నేం చేసుకోవాలో తెలియలేదు. అంటే ఇన్నాళ్లూ మిషనే. తను దెబ్బ తీసినందుకు బిగదీసుకుని, నెమ్మదించాక మళ్లీ చెయ్యి చాచిందీ మిషనే. కాకపోతే ఆ చెయ్యి కన్నబాబు నేర్పిన చెయ్యి. ఆట తయారుచేసినవాళ్లు చెప్పింది నిజమే. బావ ఆస్పత్రిలో కూర్చున్న రోజుల్లో కూడా ఆ సింహాసనం మీద బావ మంచితనమే కూర్చుని ఉంది. దాని ముందు రెండు ఓడలే చూసి, తను కోటపాడు లాక్కున్నాడు. సిగ్గుతో నానాజీ చెవులు వేడెక్కాయి.

ఊరికే నిలబడలేక అరకిలో బెల్లం ఇమ్మన్నాడు. కన్నబాబు తూచాడు. త్రాసు ముల్లు సరిగ్గా మధ్యన నిలిచింది. అంతే, కాగితం మడిచి పొట్లం కట్టేశాడు. ఆ చెయ్యి కొసరు వెయ్యకుండా ఆగడం నానాజీ ఎప్పుడూ చూడలేదు.

పొట్లం అందుకుని కూడా కదలలేదు. "మిషనని సాకు సెప్పేను బావా," అన్నాడు. "నువ్వు లేవని తెలిసే తీసేను. అమ్మకి బాగోలేదని నువ్వు ఫోన్ చేసి సెప్పినా రాలేదు. ఆడుకుంటా కూకున్నాను."

కన్నబాబు త్రాసు పళ్లెం గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. ఇక వెళ్లిపోవడమే మర్యాదనుకుని నానాజీ మెట్టు దిగబోతుంటే లోపలినుంచి దేముడమ్మ గొంతు వినిపించింది.

"ఎవర్రా కన్నా?"

గుడ్డ ఆగింది. "నానాజీ అమ్మా. నిన్ను సూడ్డానికొచ్చేడు."

నానాజీ చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. దేముడమ్మ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. సగమైపోయింది మనిషి. బెల్లం పొట్లం ఆవిడ పక్కన పెట్టి, మంచం కోడు దగ్గర నేలమీద కూర్చున్నాడు. కాలు అప్పుడే ఆడడం మొదలుపెట్టింది. ఆవిడ అతని మోకాలి మీద చెయ్యి వేసి అదిమింది.

"అంత జబ్బు సేసిందిరా నాకు. పక్కనే ఉండి కూడా రాలేదేట్రా?"

నానాజీ నోరు తెరిచాడు. బావతో చెప్పిన నిజమే ఈవిడతోనూ చెప్పాలి.

"ఆడికి తెలీదమ్మా," అన్నాడు కన్నబాబు కొట్లోంచి. "నేనే సెప్పలేదు."

తర్వాత ఎవరో వచ్చి కందిపప్పు అడిగినట్టున్నారు, త్రాసు చప్పుడయింది. నానాజీ తలెత్తలేక ఆవిడ చెయ్యి తన మోకాలి మీదే ఉంచుకుని కూర్చున్నాడు.