మార్పేమీ లేదమ్మా

మా ఆయనకి పోటీవాళ్ళంటే హడల్. మా బ్రెడ్డు రేటు కట్టుకున్న పెళ్ళాం అడిగినా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి చెప్తాడు. అలాంటి మనిషికి ప్రతినెలా ధరల లెక్కలు తీసే ఆఫీసు నుంచి ఓ అమ్మాయి ఫోన్ చేసి, "సార్, పెద్ద బ్రెడ్డు ఈ నెల ఫ్యాక్టరీ నుంచి ఎంతకి ఇస్తున్నారు?" అంటే చెప్తాడా? చచ్చినా చెప్పడు.

"మార్పేమీ లేదమ్మా, పోయిన నెల రేటే" అని టక్కున పెట్టేసేవాడు.

అప్పటికి షాపులకి రేటు పెంచడం, పెంచిందాని మీద మళ్ళీ పెంచడం కూడా అయిపోయింది. మైదా మండిపోతోంది, నూనె మండిపోతోంది, పెంచక ఏం చేస్తాం?

"ఏమండీ, ఆ పిల్లకి ఉన్నదున్నట్టు చెప్తే మీ సొమ్మేం పోతుంది?" అన్నాను.

"నీకు తెలీదు, ఊరుకోవే. దానికి చెప్తే వంతెన అవతలాయనకి తెలిసిపోతుంది. ఓ రూపాయి తగ్గించి మన షాపులన్నీ లాగేసుకుంటాడు."

వంతెన అవతలాయనంటే మాలాగే బ్రెడ్డు ఫ్యాక్టరీ పెట్టుకున్న ముసలాయన.

"ఏ షాపువాణ్ణి అడిగినా చెప్తాడు కదండీ మన రేటు!" అన్నాను. మూతి ముడుచుకుని ఓవెన్ దగ్గరికి వెళ్ళిపోయాడు. ట్రేలు సర్దుతున్న మా మరిది కిసుక్కున నవ్వి, "వదినా, అన్నయ్యని కదపకు. ఈస్ట్ లేకుండానే పొంగుతాడు" అన్నాడు. నేనూ నవ్వేశాను. అప్పుడు నవ్వొచ్చింది మరి.

మేం చేసే బ్రెడ్డులో సగానికి పైగా పెద్దాసుపత్రికి పోయేది. షాపుల్లోలాగా అక్కడ మా ఇష్టమొచ్చినట్టు పెంచడానికి లేదు. బ్రెడ్డు ఫ్యాక్టరీల ధరలు ఎంత పెరిగాయో ఏడాదికోసారి ఓ సూచీ ప్రకటిస్తారు. అది ఎంత పెరిగితే ఆసుపత్రి మాకు అంత పెంచుతుంది. కాంట్రాక్టులో ఉన్నదదీ. ఆ ఏడాది ఆసుపత్రికి పంపే ప్రతి బ్రెడ్డు మీదా మాకు నష్టమే. ఆ సూచీ పెరిగితేనే ఓవెన్ వెలుగుతుంది, లేకపోతే తాళమే. మా ఆయన దానికోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూశాడు.

తీరా చూస్తే సూచీ ఇంచు కూడా కదల్లేదు.

"ఫ్యాక్టరీల్లో రేట్లు పెరగలేదటండీ" అన్నాడట ఆసుపత్రి స్టోర్సు ఆఫీసరు. "మీలాంటివాళ్ళని అడిగే కదా ఆ లెక్క వేస్తారు!"

మా ఆయన ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఆ నెలనెలా ఫోనూ, ఈ సూచీ ఒకటేనని అప్పుడు వెలిగింది మహానుభావుడికి. నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్లు తిన్నవాడికంటే తిట్టిన నాకే ఎక్కువ ఏడుపొచ్చింది.

ఆఫీసుకి పరిగెత్తాం. ప్రకటించేసిన అంకె ఇక మార్చరన్నారు. నష్టానికి ఎన్నాళ్ళని కాలుస్తాం? మూసేశాం. మా మరిది వేరే బేకరీలో పనికి కుదిరాడు. పిండి కలిపే మెషిన్ ఎవరో కొనుక్కుపోయారు.

మిగిలిన ట్రేలు తుడిచి కట్టలు కడుతుంటే ఫోన్ మోగింది. ఆ అమ్మాయే. మా ఆయన స్పీకర్ పెట్టి, బోర్లించిన ట్రేల కట్ట మీద కూర్చున్నాడు.

"రాసుకో తల్లీ" అని మొదలుపెట్టాడు. ఏ నెలలో ఎంత పెంచాడో, మైదా ఎంతకి కొన్నాడో, షాపులకి ఎంతకి ఇచ్చాడో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆ పిల్ల మధ్యలో అడ్డురాలేదు.

"సార్, ఈ నెల ఎంతకి ఇచ్చారు?"

"ఈ నెల లేదమ్మా. మూసేశాం."

"సారీ సార్. మూసేసిన ఫ్యాక్టరీ ధర లెక్కలోకి తీసుకోం."

"పోనీలే. వంతెన అవతలాయనకి ఫోన్ చేసినప్పుడు చెప్పమ్మా, ఆయన్నైనా ఉన్న రేటు చెప్పమని నేనన్నానని."

"అలా చెప్పకూడదు సార్. ఎవరి వివరాలూ ఇంకొకరికి చెప్పం. మీకు ప్రతినెలా ఆ మాటే చెప్పబోయేదాన్ని, మీరు ఫోన్ పెట్టేసేవారు."

మా ఆయన లేచి, చేతులు కడుక్కుని, చొక్కా వేసుకున్నాడు. వంతెన మీదుగా వెళ్ళడం గుమ్మంలోంచి చూశాను.

చీకటి పడుతుండగా వచ్చాడు. మంచినీళ్ళిస్తే తాగలేదు, గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"ఆయనా నెలనెలా మార్పేమీ లేదనే చెప్పాడటే" అన్నాడు.

"ఎందుకట?"

"నాకు తెలిసిపోతుందని."