తొడ ఎముక కొలత

మునీశ్వరికి ఏడో నెల. కడుపులో బిడ్డ తొడ ఎముక పట్టికలో ఉండాల్సిన దానికన్నా పొట్టిగా ఉందని కోవిల్‌పట్టి స్కాన్ సెంటర్‌లో చెప్పారు. విరుదునగర్‌లో పెద్ద డాక్టరమ్మకు చూపించుకొమ్మన్నారు.

ఇంటికి రాగానే అత్త గురువమ్మాళ్ మొదలుపెట్టింది. "కోడిగుడ్డు ఇస్తే వాసనంటివి. పాలిస్తే వద్దంటివి. బిడ్డ ఎట్ల పెరుగును పిల్లా?" పక్కింటి గాంధిమతికీ అదే చెప్పింది. సాయంత్రానికి వీధంతా తెలిసింది.

మునీశ్వరి భర్త కార్తి సరుకుల ఆటో నడుపుతాడు. తల్లిని వారించలేదు. అన్నం తింటూ మాత్రం అడిగాడు. "మీ పక్క ఎవురికైనా ఇట్ల ఉండాదా?"

ఆమె లేదని తలూపింది. తప్పేదో తానే చేసినట్టు సిగ్గుపడి, మర్నాటి నుంచి వీధి కుళాయి దగ్గరికి కూడా పోలేదు.

విరుదునగర్‌కు ముగ్గురూ వెళ్ళారు. డాక్టరమ్మ మళ్ళీ స్కాన్ చేసి చాలాసేపు చూసింది. తర్వాత ముగ్గురినీ బల్ల మీద వరసగా కూర్చోబెట్టింది. కార్తి తల అందరికన్నా ఎత్తులో ఉంది. ముగ్గురినీ లేచి గోడకు ఆనుకుని నిలబడమంది. ఇప్పుడు మునీశ్వరే పొడుగు. తల్లీకొడుకుల కాళ్ళు పొట్టివి.

డాక్టరమ్మ అరవంలో నెమ్మదిగా చెప్పింది. "ఆ పట్టిక ఎక్కడో పొడుగాటి మనుషుల పిల్లల్ని కొలిచి రాసింది. కాళ్ళ పొడవు ఒక్కో జనానికి ఒక్కో తీరు, ఒక్కో ఇంటికి ఒక్కో తీరు. మిగతావన్నీ బాగున్నాయి. బిడ్డకు నాన్న పోలిక వచ్చినట్టుంది. వచ్చే నెల మళ్ళీ చూద్దాం. తన వరసలో తాను పెరుగుతుంటే భయం లేదు."

"నేను సరిగ్గా తినకపోవడం వల్ల కాదా?" అని మునీశ్వరి అడిగింది.

"కాదమ్మా. ఎవరన్నారు?"

గురువమ్మాళ్ చీర కుచ్చెళ్ళు కిందికి లాక్కుని పాదాలు కప్పుకుంది.

తిరుగు బస్సులో కార్తి భార్య పక్కన కూర్చున్నాడు. సాత్తూరు దాటాక నోరు విప్పాడు. "నిన్ను అడిగితిని గాని నన్ను నేను చూసుకోలే. వెట్కంగా, సిగ్గుగా ఉండాది మునీ."

"అడిగింది పోనీ మామా. అత్త వీధంతా సెప్పేటప్పుడు ఊరకుంటివే."

అతను తల దించుకున్నాడు.

ఆ సాయంత్రం గురువమ్మాళ్ గాంధిమతి గడప దాకా వెళ్ళి, నోరు రాక, కరివేపాకు అడిగి తెచ్చుకుంది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. "పిల్లది బాగనే తినె. కాళ్ళు మా ఇంటివి. నేనే తప్పుగా అంటిని" అని గడప బయటే నిలబడి చెప్పింది. చెప్పి, కూర్చోమన్నా కూర్చోకుండా వచ్చేసింది.

మరుసటి నెల స్కాన్‌లో ఎముక తన వరసలోనే పెరిగింది. ఆడపిల్ల పుట్టింది, ఆరోగ్యంగా. చూడ్డానికి వచ్చినవాళ్ళు దుప్పటి తొలగించి కాళ్ళ వంక చూస్తుంటే కార్తి ముందుగానే చెప్పాడు. "నా కాళ్ళే."

మునీశ్వరి విన్నది. అతని వైపు చూడలేదు. బిడ్డను మాత్రం అతని చేతికిచ్చి, గోడవైపు తిరిగి పడుకుంది.