మెడ మీద గీత

మా బావగారు చర్చి కిటికీలకి బొమ్మలు గీస్తారు. కిటికీ ఎంతుంటే కాగితం అంత. దాన్ని గోడ నిండా తగిలించి, నిచ్చెనెక్కి బొగ్గుతో గీస్తుంటే కిందనున్నవాళ్ళు నోరెళ్ళబెట్టి చూడాలి. చూడటానికి ఉన్నది నేనూ, నా చంకలో బుడ్డోడూ. బొమ్మ అయ్యాక దాని ప్రకారం మా ఆయన రంగు గాజు ముక్కలు కోస్తాడు. ముక్కకీ ముక్కకీ మధ్య సీసం బద్ద వస్తుంది. అది వచ్చే చోటల్లా బావగారు సిరాతో లావుగా నల్ల గీత గీస్తారు. మిగతా పొద్దంతా గొప్పలు కోస్తారు.

ఈసారి తల్లి ఒళ్ళో బాలయేసు. మొహం మా బుడ్డోణ్ణి చూసి గీశారు. అదే ముక్కు, నిద్రలో అలాగే తెరుచుకునే నోరు. నిజం చెప్పొద్దూ, మురిసిపోయాను. వాడు పడుకుంటే ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే మనిషిని నేను.

మర్నాడు చూద్దును కదా, బొమ్మలో బుడ్డోడి మెడకి అడ్డంగా బొటనవేలంత నల్ల గీత! చంకలో ఉన్నవాడి మెడ తడిమి చూసుకున్నాను.

"బావగారూ, ఆ గీత కాస్త కిందకి జరపండి. పీక కోసినట్టుంది."

ఆయన నిచ్చెన మీంచే నవ్వారు. "తల ఒక ముక్క, ఒళ్ళు ఒక ముక్క. కళ అంటే అదీ! ఆరో తరగతితో బడి మానేసినదానివి, నీకెందుకమ్మా ఇవన్నీ? వెళ్ళి టీ పెట్టు."

"చొక్కా అంచు మీదకి దించొచ్చులే అన్నయ్యా," అని గొణిగాడు మా ఆయన.

"కోసేవాడివి కొయ్యి. గీసేవాణ్ణి నేను."

మా ఆయన తల దించుకుని గాజు పలకలు తుడుచుకోడం మొదలెట్టాడు. అన్నగారి ముందు ఎప్పుడూ అంతే.

బావగారు టీ తాగి కునుకు తీస్తుంటే నేను నిచ్చెనెక్కాను. బుడ్డోడి పొత్తిగుడ్డతో ఒక్క తుడుపు. బొగ్గు కదా, మొహం పోయింది. సిరా గీత పోలేదు. ఉండనీ.

లేచి చూసి ఇల్లెగిరిపోయేలా అరిచారు. "సాయంత్రం ఫాదర్ వస్తున్నాడే! బుడ్డోణ్ణి ఇలా తే, మళ్ళీ గీస్తాను!"

"తేను. గీత జరపండి, తెస్తాను."

ఆడదాని మాట విని గీత జరిపితే ఆయన కళ ఏమైపోవాలి? అద్దం ఎదురుగా పెట్టుకుని, తన మొహమే చూసుకుంటూ గీసేశారు.

ఫాదర్ వచ్చి చాలాసేపు తల పైకెత్తి చూశాడు. "పసివాడికి అజీర్తి చేసిందా?"

"అది దైవత్వం, ఫాదర్."

"అలాగా," అని ఒప్పేసుకున్నాడాయన.

ఆ మొహమే చర్చి కిటికీకి ఎక్కబోతోంది. మెడ మీద గీత ఉన్నచోటే ఉంది. మెడ మాత్రం ఇప్పుడు బావగారిది. ఎంత లావు గీసుకుంటారో గీసుకోమనండి.