వంకర మొక్క సంబంధం

మా పువ్వుకు పొగరెక్కువ. తన పుప్పొడి తన మీదే పడితే మొలవనివ్వదు. పరాయి మొక్కది వస్తేనే గింజ కడుతుంది. ఈ పట్టుదల మొక్కలకు ఎలా అబ్బింది, దానివల్ల వాటి సంతతికి ఒరిగిందేమిటి అన్నది తేల్చడమే నా ఉద్యోగం.

ప్రయోగానికి అన్నీ ఒకే తీరుగా ఉండాలని, ఉన్నవాటిలో చక్కని మొక్కను ఎంచి, దాని కొమ్మలే నాటి గాజుగది నింపాను. వంకరవీ పొట్టివీ చుట్టాలకు పంచేశాను. అక్క పుట్టినరోజుకు కూడా అదే కానుక.

"ఏం మరదలా, షాపులన్నీ మూసేశారా?" అన్నాడు బావ.

ఆ ఏడు వేరుకుళ్లు వచ్చింది. అన్నీ ఒకే మొక్క కొమ్మలు కదా, ఒకదాన్ని పట్టిన రోగం అన్నిటినీ పట్టింది. వైవిధ్యం మీద ఉపన్యాసాలు దంచే నాకు ఆ మాత్రం తట్టలేదు! ఒక్క మొక్క మిగిలింది, నిండా మొగ్గలతో. దాని వేళ్లూ నల్లబడుతున్నాయి. ఇవి పుట్టిన కొండవాలు ఇప్పుడు రోడ్డు కింద ఉంది. ఇది గింజ కట్టకుండా పోతే ఆ జాతి ఇక్కడితో సరి.

చుట్టాలందరికీ ఫోన్ చేశాను. పిన్నిది ఎండిపోయింది. అత్తయ్యది పిల్లి పెరికేసింది. అక్క ఫోన్ బావకిచ్చింది.

"ఆ వంకరదా? స్నానాలగది కిటికీలో ఉంది. రోజూ గడ్డం గీసుకుంటూ నీళ్లు పోస్తున్నా. నిన్ననే పూసింది. ఎందుకు?"

నాకు ఏడుపొచ్చేసింది.

"అయ్యో, కావాలంటే తీసేసుకో తల్లీ! ఏడవకు."

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బస్సులో కుండీని ఒళ్లో పెట్టుకుని వచ్చాడు.

"పిల్లాడి తరఫువాళ్లం. కాస్త మర్యాదగా చూడండి."

నవ్వితే చెయ్యి వణుకుతుందని పెదవి బిగబట్టి, ఆ పుప్పొడిని కుంచెతో తీసి మా పువ్వులకు అద్దాను. తర్వాత రేకులు రాలాయి. రాలిన చోట పచ్చటి కాయలు ఉబ్బాయి. మొక్క ఎండిపోయేలోగా గింజలు ముదిరాయి.

"అయితే ఇక నువ్వు మరదలివి కాదు, వియ్యపురాలివి!" అని ఫోన్‌లోనే కేకేశాడు బావ.

గింజలు మొలిచాయి, ఏ రెండూ ఒక్క పోలికలో లేవు. ఈసారి బుద్ధి తెచ్చుకుని ఇంటికో తీరు మొక్కను పంచాను. అన్నిటికన్నా వంకరదాన్ని బావ చేతిలో పెట్టాను.

"మీ మేలు ఈ జన్మలో మరిచిపోలేను, బావగారూ."

"మళ్లీ మొక్కేనా?" అంటూనే ఆయన దాన్ని కిటికీ వైపు పట్టుకెళ్లాడు. అక్కడ చోటు ముందే ఖాళీ చేసి ఉంది.