వంతెన దాటని చట్టం

ఓకీ బాబాయ్‌కి మాత్రలు ఆగిపోవడానికి కారణం నేనే. ముందే ఎందుకు చెప్పేస్తున్నానంటే, తర్వాతి సంగతంతా వింటే మీకు తల తిరుగుతుంది. నాకైతే ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

నా పేరు డ్రీమా. మా ఊరు కాల్డర్స్ ఫెర్రీ, వెస్ట్ వర్జీనియా అంచున ఒహాయో నది ఒడ్డు మీద ఉంది. ఇక్కడి పేదల క్లినిక్‌లో వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చునేది నేనే. ఇన్సూరెన్సు ఉన్నా లేకపోయినా ఎవరినీ వెనక్కి పంపం. ఇలాంటి క్లినిక్కులకు మందుల కంపెనీలు తక్కువ ధరకు మందులివ్వాలని దేశమంతటా ఎప్పటినుంచో ఒక నియమం ఉంది. మాకు సొంత మందుల షాపు లేదు. అందుకని బయటి షాపుతో ఒప్పందం చేసుకుని, ఆ ధరకే మా రోగులకు అక్కడ ఇప్పిస్తాం. ఆ షాపు వంతెన అవతల ఉంది, రెట్టా అనే ఆవిడ నడుపుతుంది.

వంతెన అవతలంటే ఒహాయో, అంటే వేరే రాష్ట్రం. మాకెవరికీ అలా అనిపించదు. కూరగాయలు కొనేది అక్కడే, బూట్లు కొనేది అక్కడే, నేను జుట్టు కత్తిరించుకునేది అక్కడే, మా అమ్మమ్మను పూడ్చిపెట్టింది కూడా అక్కడే. అవతలికెళ్ళొస్తానంటే మాకు వీధి చివరిదాకా వెళ్ళొస్తానన్నట్టే.

ఓకీ స్టాల్‌నేకర్ మా నాన్నతో ఒకే షిఫ్టులో బొగ్గు గనిలో పనిచేశాడు. గని మూసేశాక ఆయన ఇన్సూరెన్సు పోయింది. రెండేళ్ళ కిందట కాలిలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయింది. చావు తప్పి బయటపడ్డాడు. అప్పటినుంచి రోజుకు రెండు మాత్రలు, బతికినన్నాళ్ళూ. మానేస్తే మళ్ళీ గడ్డకడుతుందని, ఈసారి బతుకుతావని చెప్పలేనని మా డాక్టర్ హార్లెస్ ఆయన మొహం మీదే చెప్పింది. బయటి ధరకు కొనుక్కునే తాహతు ఆయనకు లేదు. అయినా ఈ మనిషి రోజుకు ఒక్కటే వేసుకుంటూ నెల సీసాను రెండు నెలలు లాగేవాడు. ఎప్పుడో ఒకప్పుడు ఇదీ మూసేస్తారని ఆయన భయం. గని మూతపడటం చూసినవాళ్ళకు ఆ భయం ఒక పట్టాన పోదు. నేనెంత పోట్లాడినా వినేవాడు కాదు.

భయం ఊరికే రాలేదు లెండి. నిరుడు ఆ మాత్ర తయారుచేసే కంపెనీ మాకో ఉత్తరం పంపింది. ఇకమీదట ఒక్కో క్లినిక్కుకు ఒక్క షాపుకే తక్కువ ధరకు పంపుతామని, ఆ షాపేదో తమ వెబ్‌సైటులో రాయమని. మేం ఆలోచించకుండా రెట్టా షాపు పేరు రాశాం. అలా నడిచిపోతూ ఉండగా, ఈ వసంతంలో మా రాష్ట్రం చట్టం చేసింది. క్లినిక్ ఎన్ని షాపులతో ఒప్పందం చేసుకున్నా సరే, కంపెనీలు అడ్డుపెట్టకుండా మందు పంపాల్సిందేనట. క్లినిక్‌లో కేకు కోసుకున్నాం. డాక్టర్ హార్లెస్ నవ్వడం నేను ఆరోజే చూశాను.

ఆ కేకు చేతిలో ఉండగానే రెండు పనులు చేశాను. మొదటిది, ఓకీ బాబాయ్‌కి ఫోన్ చేసి, చట్టం వచ్చింది, ఇక నీ మందును ఎవరూ ఆపలేరు, రెండు పూటలా వేసుకో అని చెప్పాను. రెండోది, కంపెనీ వెబ్‌సైటు తెరిచాను. ఒకే ఒక్క షాపు అన్న చోట రెట్టా పేరు ఉంది. పక్కన దాన్ని తీసేసే మీట ఉంది. చట్టం వచ్చాక ఇంకా ఈ ఒక్క షాపు గోలేమిటి, అన్ని షాపులూ మనవే కదా అనుకుని, కసిగా నొక్కేశాను. నన్నెవరూ అడగలేదు, చెయ్యమని ఎవరూ చెప్పలేదు.

నెల తిరిగాక ఒక మంగళవారం రెట్టా ఫోన్ చేసింది. ఓకీ తన ఎదురుగానే నిలబడ్డాడని, కంప్యూటరు మొత్తం ధర చూపిస్తోందని చెప్పింది. అలా ఎలా చూపిస్తుంది, చట్టం వచ్చిందిగా అన్నాను.

"మీ చట్టం మీది డ్రీమా. నేనుండేది ఒహాయోలో. మర్చిపోయావా?"

మర్చిపోలేదు. ఎప్పుడూ గుర్తుంటే కదా మర్చిపోవడానికి! ఫోన్ పెట్టేశాను. చట్టం లేనప్పుడు మందు వచ్చింది. చట్టం వచ్చింది, మందు పోయింది. ఎటునుంచి లెక్కేసినా అర్థం కాలేదు.

కంపెనీకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా విడమరిచి చెప్పింది. మా చట్టం మా రాష్ట్రంలోని షాపులకే వర్తిస్తుందట. రెట్టా షాపుకు ఇన్నాళ్ళూ మందు వెళ్ళింది చట్టం వల్ల కాదు, మేం ఆ పేరు ఎంచుకున్నందువల్ల. ఆ పేరు మేమే తీసేశాం. సరే, మళ్ళీ పెట్టమన్నాను. ఎంపిక ఏడాదికి ఒక్కసారే మార్చుకోవచ్చట, ఆ ఒక్కసారీ నేను వాడేశానట. మనిషి ప్రాణం మీదికి వచ్చిందమ్మా అన్నాను. చాలా విచారిస్తున్నామని తియ్యగా అంది. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండింది. కానీ మీట నొక్కింది ఆ పిల్ల కాదుగా.

డాక్టర్ హార్లెస్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. మా వైపున దగ్గరి షాపు మిల్ రన్‌లో ఉంది, కొండ దారిలో నలభై మైళ్ళు. అక్కడికి ఫోన్ చేసి ఒప్పించింది. అక్కడైతే మన చట్టం పనిచేస్తుంది, కంపెనీ పంపక తప్పదు, కాకపోతే కాగితాలన్నీ పూర్తయ్యేసరికి పది రోజులు పడుతుందని చెప్పింది. అలమరా అంతా వెతికితే నమూనా మాత్రలు ఇరవై దొరికాయి. సరిగ్గా పది రోజులకు. అవి ఒక సీసాలో పోసి, ఓకీకి ఇవ్వమని నా చేతికిచ్చింది.

మర్నాడు పొద్దున ఓకీ బాబాయ్ వచ్చాడు. పాతవి ఎన్ని మిగిలాయని అడిగాను.

"ఒక్కటీ లేదు పిల్లా. రెండు పూటలా వేసుకోమన్నావుగా."

పక్కకు తీసుకెళ్ళి, ఏం చేశానో మొత్తం చెప్పాను. ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఈ మాట ఇంకెవరికీ చెప్పకు. నిన్ను పంపించేస్తే మా కాగితాలు రాసిపెట్టే దిక్కెవరు?"

అని ఊరుకోలేదు. రోగులు కూర్చునే గదిలోకి వెళ్ళి, అందరికీ వినబడేలా, కంపెనీవాళ్ళు మందు ఆపేశారు, వాళ్ళ బుద్ధే అంత అన్నాడు. గదిలో ఉన్న పదిమందీ అందుకున్నారు. కంపెనీని ఏడు తరాలవరకూ తిట్టారు. నేను బల్ల వెనక కూర్చుని విన్నాను. హాయిగా ఉంది, నిజం చెప్పొద్దూ. ఆ హాయికి నా మీద నాకే అసహ్యం వేసింది.

లేచి నిలబడ్డాను. "కంపెనీ కాదు. వంతెన అవతలి షాపు పేరు తీసేసింది నేను."

ఓకీ బాబాయ్ నావైపు చూసి, నీకెందుకే ఈ పని అన్నట్టు చెయ్యి విసిరాడు. అప్పుడు కిటికీ పక్కన కూర్చున్న వెల్డా గుడ్విన్ మెల్లిగా నోరు విప్పింది. బడి వంటశాలలో ముప్ఫై ఏళ్ళు వండిన మనిషి, ఒకరిని చెయ్యి చాచి అడిగే రకం కాదు.

"నాదీ ఆ మాత్రే డ్రీమా. శనివారం రెట్టా దగ్గర ధర చూసి అక్కడే వదిలేసి వచ్చాను. నాకిక తక్కువ ధరకు రాదు కాబోలు, అడిగితే ఏం బాగుంటుందిలే అనుకున్నా. వేసుకుని నాలుగు రోజులైంది."

ఇవాళ ఆమె వచ్చింది మోకాలి నొప్పికి. నేను నోరు మూసుకుని ఉంటే ఆ మోకాలు చూపించుకుని ఇంటికి వెళ్ళిపోయేది. ఇలా ఇంకెందరు ఇళ్ళలో కూర్చుని ఉన్నారో నాకు తెలియదు. అలమరాలో ఇంకొక్క మాత్ర లేదన్నది మాత్రం తెలుసు.

ఓకీ బాబాయ్ ఆమె పక్క కుర్చీలో కూలబడి సీసా మూత తిప్పాడు. "చెయ్యి పట్టు వెల్డా" అన్నాడు. ఒక్కొక్క మాత్రే ఆమె అరచేతిలో వేస్తూ పది దాకా లెక్కపెట్టాడు.

ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వకూడదని ఆ గది గోడమీద కాగితం అంటించింది నేనే. దాని కిందే కూర్చున్నారు ఇద్దరూ. నేను ఆపలేదు.