ఏడో బిందువు దాటాక

వినికిడి యంత్రాలు తయారుచేసే ఆ కంపెనీలో ఫిల్టర్ల లెక్కలన్నీ డిజైనరమ్మవే. ఏ పౌనఃపున్యపు శబ్దం ఎంత వినిపించాలో ముందుగా ఒక గీత గీసుకుని, ఫిల్టర్ ఆ గీతకు దగ్గరయ్యేదాకా కంప్యూటర్ చేత కెపాసిటర్ల విలువలు మార్పించడం ఆమె పని. ఈసారి తొందరలో గీత పొడవునా ఇరవై బిందువుల దగ్గరే సరిచూసుకుంది. ఇరవైకి ఇరవై గీత మీదే కూర్చున్నాయి. ఇంకేం కావాలి?

బోర్డులకు సోల్డరింగ్ చేసే పెద్దాయన ఆ గదిలో అందరికీ బాబాయే. మొదటి బోర్డుకు ఇయర్‌ఫోన్ తగిలించి విని మొహం చిట్లించాడు.

"అమ్మాయ్, ఒకచోట కీచుమంటోంది. నీ లెక్క ఒక్కసారి చూసుకోకూడదూ?"

చుట్టూ జనం. ఆమెకు ఎక్కడలేని పౌరుషం పొడుచుకొచ్చింది.

"లెక్క కీచుమనదు బాబాయ్. కళ్లు ఆనకపోతే చెప్పండి, అతుకులు ఇంకెవరైనా వేస్తారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన మూడు బోర్డుల అతుకులూ ఊడదీసి మళ్లీ వేశాడు. మూడూ కీచుమన్నాయి.

మర్నాడు పొద్దున, తప్పు ఆయనదేనని తేల్చేద్దామని, ఆమె రెండు వేల బిందువుల దగ్గర లెక్క వేయించింది. ఏడో బిందువుకీ ఎనిమిదో బిందువుకీ నడుమ, తాను చూడకుండా దాటేసిన చోట, ఫిల్టర్ గీత సూదిలా పైకి లేచింది. ఎవరైనా చూస్తారేమోనని గబుక్కున ల్యాప్‌టాప్ మూసేసింది. మూసినందుకు ఇంకా సిగ్గేసింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక పెద్దాయన బల్ల దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, తప్పు నాదే. మీ అతుకులు బాగానే ఉన్నాయి."

"నాకు నిన్ననే తెలుసమ్మా," అన్నాడాయన తలెత్తకుండానే. "తెలియాల్సింది నవ్వినవాళ్లకి."

అందరూ తిరిగొచ్చాక ఆమె లేచి నిలబడింది. తెర వాళ్లవైపు తిప్పి ఆ సూదిమొనను వేలితో చూపించింది.

"కీచుమన్నది ఇదే. నా లెక్కే. బాబాయ్‌ని నేనన్న మాట..."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండుననిపించింది.

కొత్త విలువలతో చేసిన బోర్డు సాయంత్రానికి శుభ్రంగా పలికింది. "విని చూడమ్మా," అంటూ పెద్దాయన అందించాడు. అందుకుంటూ ఆయన ముఖంలోకి చూడలేక ఆమె చూపు దించుకుంది. ఆయన చూపుడువేలి కొసన నిన్న కాలిన బొబ్బ ఇంకా ఎర్రగానే ఉంది.