కరెంటమ్మ గ్లౌజులు

పొద్దున్నే కరెంటు పోయింది. స్నానాల గదిలోంచి అత్తగారు కేకేసింది.

"ఏమే, రాత్రి కూర నువ్వే చేశావా, పక్కింటివాళ్ళు పారబోసింది ఎత్తుకొచ్చావా?"

వంటింట్లో కోడలికి ఒళ్ళు మండింది. స్నానాల గదిలో బల్బు వెలిగింది.

"చాల్లే, సబ్బు దొరికింది," అంది అత్తగారు.

కోడలికి కోపమొస్తే కరెంటు పుడుతుంది. పెళ్ళైన కొత్తలోనే ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది. వీధి వీధంతా కరెంటమ్మ అనే పిలుస్తుంది. ఇన్వర్టరు కొనమని పోరితే మొగుడు, "నువ్వుండగా దండగ కదే" అంటాడు. ఆ మాటకి ఫ్యాను కూడా తిరుగుతుంది.

ఆవిడ ఉద్యోగం ఆసుపత్రిలో, మెదడుకి కరెంటు పెట్టి చూసే పరిశోధన గదిలో. కోతా లేదు, సూదీ లేదు. ఉప్పునీళ్ళలో తడిపిన రెండు స్పాంజి ముక్కలు తలకి ఆనించి, పట్టీ బిగించి, చిన్న మెషీను స్విచ్చి నొక్కడమే. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళకి ఇరవై నిమిషాలు సన్నగా కరెంటు వెళుతుంటే, ఆవిడ ఎదురుగా కూర్చుని బొమ్మల కార్డులు చూపించి పేర్లు చెప్పిస్తుంది. సగం మందికి మాత్రం ఉత్త మెషీను. అర నిమిషం చురచురలాడి దానంతటదే ఆగిపోతుంది. ఎవరిది ఏదో వాళ్ళకీ తెలీదు, ఆవిడకీ తెలీదు. వైద్యం నిజంగా పనిచేస్తోందో లేదో తేలాలంటే అలాగే చెయ్యాలి మరి, దాంట్లో తప్పేం లేదు. ఆవిడ కోపం ఫలితాల్లో కలవకుండా మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు తొడుక్కోవాలని నియమాల పుస్తకం ఏడో పేజీలో అచ్చువేశారు. తొడుక్కునేది.

ఎనిమిది నెలలుగా నోట మాట లేని టైలరు ఒకాయన నెల్లాళ్ళపాటు రోజూ వచ్చాడు. కత్తెర బొమ్మ చూపిస్తే వేళ్ళు గాల్లో కత్తిరించేవి. నోరు మాత్రం "క... క..." దగ్గరే ఇరుక్కుపోయేది. కొలతలు పైకి చెప్పలేని టైలరు దగ్గరికి ఎవరొస్తారు? షాపు మూతపడే ఉంది. పక్కనే కూచున్న భార్య, "పోనీలెండి, రేపు చెబుదురుగాని," అనేది.

స్టడీ అయ్యాక ఎవరిది ఏ మెషీనో రాసిన జాబితా విప్పారు. టైలరుతో కలిపి ఇరవై మందిది ఉత్త మెషీను. కరెంటమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఉత్త మెషీను వచ్చినవాళ్ళందరికీ ఆఖర్న అసలుది పెడతామని సంతకాల కాగితంలో ఉందిగా! టైలరు భార్యకి దాన్ని చదివి వినిపించింది తనే.

ఎప్పుడు పెడదామని అడిగితే, పరిశోధన నడిపే పెద్ద డాక్టరు తలైనా ఎత్తలేదు. "ఫలితాలు వచ్చేశాయి కదమ్మా. మెషీన్లు తిరిగి పంపించేశాం."

"మరి సంతకాలు పెట్టించుకున్నాం కద సార్?"

"వీలైతే పెడతాం అని ఉంటుంది, చూడు."

"లేద్సార్. పెడతాం అనే ఉంది."

"వాళ్ళకేం తెలుస్తుందమ్మా!"

ఆయన నెత్తిమీద ట్యూబులైటు టప్పున పేలింది. ఇంకోటి తెప్పించమన్నాడు.

ఛీ, ఎంత మాట! ఆవిడ "సరే సార్" అనేసి, రావాల్సిన నాలుగు మాటలూ గొంతులోనే దిగమింగి గదిలోకి వచ్చింది. టైలరు అప్పటికే కుర్చీలో తల వంచుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఇవాళ్టినుంచి అసలుదే కదమ్మా?" అంది భార్య.

బల్ల మీద మెషీను లేదు. స్పాంజి గిన్నెలో ఉప్పునీళ్ళు మాత్రం ఉన్నాయి. ఆవిడ గ్లౌజులు ఊడబీకి మూలకి విసిరికొట్టింది. అరచేతులు నీళ్ళలో ముంచి టైలరు తలకి ఆనించింది. కోపం ఒక్కసారిగా వదిలితే మనిషి మాడిపోతాడు. అందుకని డాక్టరు మాటని అక్షరం అక్షరంగా తలుచుకుంది. వా. ళ్ళ. కేం. అలా ఇరవై నిమిషాలు. తర్వాత కార్డు ఎత్తింది.

"కత్తెర," అన్నాడు టైలరు.

భార్య కొంగు నోట్లో కుక్కుకుని భోరుమంది. ఆ ఏడుపు విని పెద్ద డాక్టరు పరుగున వచ్చాడు. ఇంకో కార్డు చూపించాడు. "సూది." ఇంకోటి. "తాళం."

"అద్భుతం! ఇతన్ని అసలు మెషీను జాబితాలోకి మార్చెయ్యమ్మా. ఎక్కడో పొరపాటు జరిగుంటుంది."

కరెంటమ్మ కలం ముట్టలేదు.

"మార్చకు," అన్నాడు టైలరు. కుర్చీలోంచి లేచాడు. "నాది ఉత్త మెషీను. అలాగే రాయి."

"బాబూ, నీకు ఇవన్నీ..." అన్నాడు డాక్టరు.

"తెలుసు. మాట ఇచ్చావు. సంతకం పెట్టించుకున్నావు. ఎగ్గొట్టావు. అదీ రాయి."

గొంతు టైలరుదే. మాటలు మాత్రం కరెంటమ్మ ఇందాక దిగమింగినవి, అదే వరసలో, ఒక్కటీ తగ్గకుండా. డాక్టరు ఆవిడ వైపు చూశాడు, ఆవిడ చేతుల వైపు చూశాడు. చేతుల నుంచి ఇంకా ఉప్పునీళ్ళు కారుతున్నాయి.

టైలరు బల్ల మీది ఫోను తీసి డాక్టరు చేతిలో పెట్టాడు.

"ఉత్త మెషీనువాళ్ళు ఇంకా పంతొమ్మిది మంది ఉన్నారు ఇళ్ళల్లో, మాట లేనివాళ్ళు. పిలువు."